పొట్టి స్లాటా, పొడుగు స్లాటా

ఆ ఉదయం పేయ్‌రూ వేసుకున్న పథకం చాలా చిన్నది. తైవాన్‌లోని తైనాన్ ఊళ్లో ఒక ఆసుపత్రి కంప్యూటర్ గదిని చూసుకునే కో గారు పదింటికి వస్తారు. తావోయువాన్‌లోని తమ సర్వర్ల ఫ్యాక్టరీ పరీక్షగదిలో ఆయనకు రెండు సర్వర్లు చూపించాలి. రెండూ అచ్చం ఒకటే, వెనక కార్డులు దూర్చే స్లాట్లే వేరు. ఒకదానికి మూడు పొట్టి స్లాట్లు, రెండోదానికి రెండు పొడుగు స్లాట్లు. పోల్చి చెప్పాలి, ఆయన ఒకటి ఎంచుకోవాలి. అంతే.

ఆసుపత్రి కార్డులన్నీ చిన్నవే కాబట్టి పొట్టి స్లాట్లే మేలని ఆమె పట్టిక వేసుకుంది. సెక్షన్ అధికారి లాయ్‌కి మాత్రం పొడుగు స్లాట్లంటే ప్రాణం. ఆ డిజైన్ గీసింది ఆయనే మరి.

"ఈ బేరం చెడిందో, మళ్లీ నువ్వు మాన్యువల్స్ రాసుకుంటూ కూర్చోవాల్సిందే" అని ముందురోజే బెదిరించాడు. నాలుగేళ్లు అవే రాసి రాసి ఈ గదిలోకి వచ్చిన పిల్ల, పాపం, రాత్రంతా నిద్రపోలేదు.

కో గారు కోరినట్టు మెషిన్లు పేర్చే ర్యాక్‌ను ఆసుపత్రిలోలాగే సందు లేకుండా నింపారు. దాంతో ఆకుపచ్చ ప్యాకెట్‌కు చోటు లేకుండా పోయింది. మొక్కజొన్న పఫ్‌ల ప్యాకెట్ పైన పెట్టందే ఏ మెషినూ బుద్ధిగా నడవదని అక్కడందరి నమ్మకం. అదీ ఆకుపచ్చదే కావాలి, గడువు దాటకూడదు, ఎవరూ తినకూడదు. పేయ్‌రూ ఇలాంటివి నమ్మదు. కానీ నమ్మకుండా ఉండే రోజు ఇది కాదనుకుంది.

పొట్టి స్లాట్లో దూర్చి చూసింది, పట్టలేదు. పొడుగు స్లాటు సర్వర్ మూత తీసి దూర్చింది, చక్కగా పట్టింది. మూత వేసి మెషిన్ ఆన్ చేసి, పట్టిక తేవడానికి వెళ్లింది.

లోపల ప్యాకెట్ గాలికి అడ్డుపడింది. మెషిన్ వేడెక్కి ఫ్యాన్లు హోరుమన్నాయి. ఆ హోరు విని లాయ్ పరుగెత్తుకొచ్చాడు. ప్యాకెట్ ఎక్కడా కనిపించలేదు.

"అయ్యో, ప్యాకెట్ పెట్టకుండానే ఆన్ చేసిందా! ఇక అరవక ఏం చేస్తుంది!" అని తన సొరుగులోంచి ఒకటి తెచ్చి, వెనకవైపు తెరిచి ఉన్న రెండో పొడుగు స్లాట్లోకి కుక్కాడు. ఫ్యాన్లు ఇంకా గట్టిగా అరిచాయి.

సరిగ్గా అప్పుడే పేయ్‌రూ కో గారిని వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దాయన తిన్నగా ర్యాక్ వెనక్కి వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, స్లాట్ల మీదికి వంగాడు.

టప్పుమంది. వేడికి ఉబ్బిన ప్యాకెట్ పగిలి, పఫ్‌లన్నీ పొడుగు స్లాట్లోంచి ఆయన మొహానికి, కోటుకు జల్లున కొట్టాయి.

"ఇది... ఇది మా గాలి పరీక్ష సార్!" అన్నాడు లాయ్ తడుముకోకుండా. "పొడుగు స్లాట్లోంచి గాలి ఎంత జోరుగా వస్తుందో చూశారా?"

"ఓహో! ఇంత బాగా ఎవరూ చూపించలేదు" అని ఆయన కలం తీశాడు.

నోరు మూసుకుంటే పని అయిపోయేది. కానీ ఆ మెషిన్ వెళ్లేది ఆసుపత్రికి. పేయ్‌రూ ముందుకొచ్చింది.

"పరీక్ష కాదండీ. ప్యాకెట్ నేనే లోపల పెట్టాను. మెషిన్‌కి ఊపిరాడలేదు. తప్పు నాదే."

కో గారు కోటు దులుపుకుంటూ లోపలికి తొంగిచూశాడు. "ఇంకోటి ఉందే! అది కూడా నువ్వేనా అమ్మాయ్?"

"కాదండీ, నాకు తెలీదు."

ఇద్దరూ లాయ్ వైపు చూశారు. లాయ్ దగ్గాడు.

కో గారు పడీపడీ నవ్వాడు. "మా వాళ్లూ ఇంతేనమ్మా! పైన చోటు లేక స్లాట్లోనే కుక్కుతారు. పోయినేడు రెండు మెషిన్లు మాడిపోయాయి. ఎవడు చేశాడంటే ఒక్కడూ నోరు విప్పలేదు. పొట్టి స్లాట్లో ప్యాకెట్ పడుతుందా?"

"చూశానండీ. పట్టదు."

"అయితే అవే పంపండి. ఇక మీదట ఏ సందేహమున్నా ఈ అమ్మాయినే అడుగుతాను" అని సంతకం పెట్టాడు.

ఆయన వెళ్లిపోయాక పేయ్‌రూ కుర్చీలో కూలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రమే పట్టికలో "ప్యాకెట్ పడుతుందా?" అనే కొత్త వరుస చేరింది.

ఆ ఆలోచన తనదేనని లాయ్ పైవాళ్లకు చెప్పుకున్నాడు.