అన్ని శాఖలకూ ఒకే ప్రొఫార్మా

ఇకమీదట రాష్ట్రంలోని కాలేజీల్లో ఏ సబ్జెక్టునైనా ఒకే ప్రొఫార్మాతో కొలుస్తామని మూల్యాంకన శాఖ మంత్రి ఎల్లాజీగారు రాజాం సభలో ప్రకటించారు. "బియ్యాన్నీ బెల్లాన్నీ ఒకే కాటా మీద తూస్తున్నాం. కెమిస్ట్రీకీ కవిత్వానికీ వేరువేరు కొలతలెందుకు?" అని అడిగారు. ఎవరికీ జవాబు తోచలేదు కనుక దాన్ని ఏకగ్రీవ ఆమోదంగా రాసుకున్నారు. నూటికి నలభై మార్కులు రాని శాఖను మూసేస్తామని కూడా చెప్పి, ఆ మాటకు మరోసారి చప్పట్లు కొట్టించారు.

కొట్టినవాళ్ళలో తాయారు ఉంది. ఆ ఊరి కాలేజీలో ఆమె ఇరవై రెండేళ్ళుగా వయొలిన్ నేర్పుతోంది. పక్క కుర్చీలో ప్రిన్సిపాల్ ఉపేంద్ర కొడుతున్నాడు కదా అని తనూ కొట్టింది. సంగీత శాఖలో ఉన్నది తనూ, తొమ్మిదిమంది పిల్లలూ మాత్రమేనన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

వారం తిరక్కుండా మూల్యాంకనాధికారి దేవేంద్ర దిగాడు. పరమ నిష్పక్షపాతి. ఏ సబ్జెక్టూ తెలియదు కనుక దేనిమీదా అభిమానం లేదు. ముందు లెక్కల శాఖకు వెళ్ళాడు. ప్రొఫార్మాలో 'శాఖలో ఉన్న సమస్యలు ఎన్ని?' అని ఒక గడి ఉంది. బోర్డు మీద ఉన్నవి లెక్కపెట్టి, పుస్తకంలో మరో నాలుగు వందలున్నాయని విని, అక్కడికక్కడే మార్కులు కోసేశాడు. 'ఈ ఏడాది కొత్తగా జరిగినదేమిటి?' అన్న గడి దగ్గర చరిత్ర శాఖ తెల్లమొహం వేసింది. జంతుశాస్త్రం ల్యాబులో సీసాల్లోని కప్పల్ని చూసి 'మరణాలు: నూటికి నూరు' అని బరువుగా రాసుకున్నాడు.

మధ్యాహ్నం మూడింటికి సంగీతం గదిలో అడుగుపెట్టాడు. గజపతినగరం నుంచి రెండు బస్సులు మారి వచ్చే కౌముది అనే పిల్ల కల్యాణి రాగం వాయిస్తోంది. దేవేంద్ర స్టాప్‌వాచీ నొక్కి కూర్చున్నాడు. పిల్ల కమాను దించాక మళ్ళీ నొక్కాడు.

"ఇరవై రెండు నిమిషాలమ్మా. ఇంతసేపట్లో తయారైందేమిటి?"

"రాగమండి."

"అది ముందునుంచీ ఉన్నదే కదా? స్వరాలెన్ని?"

"ఏడండి."

"మీరు ఉద్యోగంలో చేరినప్పుడు?"

"అప్పుడూ ఏడే."

"ఇరవై రెండేళ్ళలో ఒక్కటైనా పెంచలేకపోయారు," అన్నాడు దేవేంద్ర. కోపంగా కాదు, జాలిగానే అన్నాడు. ప్రొఫార్మాలో ఇరవై ఎనిమిది వేసి, ఆ పక్కన ఏదో రాయబోయాడు.

కౌముది తాయారు చెయ్యి పట్టుకుంది. "మేడమ్, మన గది మూసెత్తారేటండి? నానింక రావక్కర్నేదా?"

రాగాన్ని ఏనాడూ తొందరపెట్టని తాయారు, వయొలిన్ అందుకుని "ఇంకొక్కసారి చూడండి" అంది. అదే కల్యాణిని మూడున్నర నిమిషాల్లో ముగించింది. కమాను వెంట్రుకలు రెండు తెగాయి. కౌముది తలెత్తలేదు. దేవేంద్ర మాత్రం లేచి నిలబడ్డాడు. "ఉత్పాదకత ఆరింతలు పెరిగింది!" అంటూ ఇరవై ఎనిమిదిని కొట్టేసి నలభై ఒకటి వేశాడు. శాఖ బతికింది. ఆ సాయంత్రం తాయారు వయొలిన్‌ను తుడిచి, పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసి తుడిచింది.

బహుమతుల సభకు మంత్రిగారే వచ్చారు. నూటికి నూరు మార్కులతో భూగర్భశాస్త్ర శాఖ ప్రథమ స్థానంలో నిలిచింది. సమస్యలు లేవు, మరణాలు లేవు, ఆలస్యాలు లేవు, ఒక్క ఫిర్యాదూ లేదు. శాఖాధిపతిని వేదిక మీదికి రమ్మని రెండుసార్లు పిలిచారు. ఎవరూ లేవలేదు. ప్రిన్సిపాల్ అటూ ఇటూ చూసి, గదులు ఊడ్చే దాలమ్మను మెట్లెక్కించాడు.

"ఇంతటి విజయానికి రహస్యమేమిటమ్మా?" అని మంత్రిగారు మైకు ఆమె ముందు పెట్టారు.

"రగస్యం ఏటున్నాది బాబూ! మేస్టారు రిటైరైపోయి నాలుగేళ్ళయినాది. పిల్లలు నేరు, కుర్సీలు నేవు. వారానికోపాలి నానే తుడిసి తలుపేసేత్తన్నాను."

ప్రిన్సిపాల్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్న నమూనా ఇదే!" అని, ఈ పద్ధతిని అన్ని శాఖల్లోనూ దశలవారీగా అమలు చేయాలని వేదిక మీదే ఆదేశించారు.

పది రోజులకు తాయారుకు మూల్యాంకన శాఖ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల ఉన్నది ఒకే ముక్క: 'సంగీత శాఖ: రాగం ఉంది. తాళం లేదు.'

ఇరవై ఎనిమిది మార్కులు చూసినప్పుడు కూడా ఆమెకు అంత బాధ కలగలేదు. తప్పు తనదే అనుకుంది. ఆ రోజు పరుగులో లయ ఎక్కడో జారి ఉంటుంది. మర్నాటి నుంచి పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఆదితాళం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. వారం రోజులు తొడలు ఎర్రబడేదాకా వేయించింది. బస్సు తప్పిపోతుందన్నా కౌముదిని వదల్లేదు.

దేవేంద్ర మళ్ళీ వచ్చాడు. తొమ్మిదిమందీ రూపకం వేశారు, మిశ్రచాపు వేశారు. ఒక్క చెయ్యి తప్పలేదు. ఈసారి అతను స్టాప్‌వాచీ తియ్యలేదు. చివరిదాకా విని, "చాలా బాగుందమ్మా," అని మెచ్చుకుని, బయట వ్యానులోంచి ఒక అట్టపెట్టె తెప్పించాడు.

పెట్టె విప్పి, లోపలిది తీసి తలుపు గొళ్ళేనికి తగిలించి చూసింది దాలమ్మ.

"సైజు సరిపోనాదమ్మా," అంది. "పిల్లల్ని బయటికి రమ్మనండి."