కొవ్వు ఎంత? నోరు ఎలా ఉంది?

1944 జూలై పదిహేడు, సోమవారం. ఆ పొద్దున ఓబళప్ప మేష్టరు తిన్నది రేషను జొన్నల గంజి, ఒక ఊరగాయ ముక్క. దేహపుష్టి శాఖ డైరెక్టరు వెంకటరమణప్పగారు తిన్నవి నాలుగు నేతి దోశెలు. అవి అరిగేలోపే ఆయన కబ్బన్‌పేటలో మైకు పట్టుకున్నారు.

"ప్రజల ఒంట్లో కొవ్వెంతో ఏ ప్రభుత్వమూ కొలవలేదు. మేం కొలుస్తాం! ఆ కొవ్వుకూ నోటి ఆరోగ్యానికీ ఉన్న సంబంధం ప్రపంచానికి చాటుతాం! కొవ్వు తక్కువని తేలినవాళ్ళకు దినామూ పావు సేరు పాలు!"

చప్పట్లు ఆగేసరికి ఓబళప్ప కొలతల ఉద్యోగానికి పేరిచ్చేశాడు. ఆశ తన గురించి కాదు. భార్య పోయిన ఈ మూడేళ్ళలో పక్కింటి నంజమ్మ ఆయనకు చారు లేని సాయంత్రం రానివ్వలేదు. ఉగాది నుంచి ఆమె చిగుళ్ళు నెత్తురోడుతున్నాయి. జొన్నలు నమలలేక గంజి మీది తేట మాత్రం తాగి మగ్గం ముందు కూర్చుంటోంది. చేతులు పుల్లలయ్యాయి. పావు సేరు పాలు దొరికితే మనిషి నిలుస్తుంది.

శాఖవారు ఆయనకు కాలిపర్ అనే పటకారు ఇచ్చారు. జబ్బ వెనక చర్మాన్ని మడతపెట్టి దాంతో పట్టుకుంటే కొవ్వు మిల్లీమీటర్లలో తెలుస్తుంది. ఇంగ్లీషు ఫారాన్ని ఆఫీసులో ఎవరో శ్రద్ధగా తెలుగు చేశారు: 'కొవ్వు ఎంత? నోరు ఎలా ఉంది?'

పటకారు పేటకు చేరేసరికే గుమాస్తా చిన్నప్ప రిజిస్టరు పూర్తిచేసి పెట్టాడు.

"కొలవకుండానే ఎలా రాశావప్పా?"

"ఈ పేటలో ఎవురికి ఎంత కొవ్వుండాదో నాకు తెలీదా మేష్ట్రే? ఇరవై ఏండ్లుగా చూస్తా ఉండా."

ఓబళప్ప రిజిస్టరు తిప్పాడు. రేషను అంగడి మునిరాజు: కొవ్వు లేదు. నోరు బంగారం. నంజమ్మ: కొవ్వు జాస్తి. నోరు బో పెద్దది.

"నంజమ్మకు కొవ్వేంటి?"

"పోయిన నెల తక్కెడ కింద చింతపండు అంటించినారని అంగడి కాడ అరిచిందే, అది కొవ్వు కాదా?"

మేష్టరు నంజమ్మ జబ్బ కొలిచి, కాయితం పట్టుకుని డైరెక్టరుగారి దగ్గరికి పరుగెత్తాడు. "నాలుగు మిల్లీమీటర్లే సార్. తోలు తోలుకే తగులుతోంది."

"రిజిస్టరులో జాస్తి అని ఉండాదే!" డైరెక్టరుగారు నొచ్చుకున్నారు. "సైన్సులో రెండు మాటలుండకూడదు మేష్ట్రే. పటకారు చెడిపోయి ఉంటుంది. నాకు పెట్టి చూడండి."

పెట్టారు. పటకారు ఎంత తెరిచినా ఆ మడతకు చాల్లేదు. కొలతకు అందనిది లేనట్టే కనక, రిజిస్టరుతో పక్కనే ఉన్న చిన్నప్ప అక్కడికక్కడే రాసుకున్నాడు: 'డైరెక్టరుగారు: కొవ్వు లేదు. నోరు అమృతం.'

"సార్, ఇది అన్యాయం," అన్నాడు ఓబళప్ప. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన గొంతు, కొంచెం లేచింది.

చిన్నప్ప తలెత్తకుండా పేజీ తిప్పి ఇంకో పేరు రాసుకున్నాడు.

నెల తిరిగేసరికి ఫలితాలు పత్రికల్లో వచ్చాయి. కొవ్వు జాస్తి ఉన్న నూటికి నూరుమందికీ నోరు చెడ్డదే! ఇంత కచ్చితమైన సంబంధం ఏ దేశమూ కనిపెట్టలేదని డైరెక్టరుగారికి శాలువా కప్పారు. పాల చీటీల జాబితాలో మొదటి పేరు ఆయనదే, రెండోది మునిరాజుది.

ఆ సాయంత్రం నంజమ్మ చారు గిన్నెతో మేష్టరు గడపలో నిలబడింది.

"పాల చీటీ వచ్చిందా మేష్ట్రే?"

"నీకు కొవ్వు జాస్తి అంట నంజమ్మా."

ఆమె తన చెయ్యి ఒకసారి చూసుకుంది. "మీకో?"

"నాకూ. కొత్తగా వచ్చింది."

"అట్లయితే ఇద్దరమూ బలిసినాం పోండి!" నంజమ్మ నవ్వింది. పళ్ళ సందుల్లో ఎర్రగా కనబడింది. కొంగుతో తుడుచుకుంది.

ఓబళప్ప తన వాటా జొన్నలు మధ్యాహ్నమే మెత్తగా విసిరి, రెండుసార్లు జల్లించి, గంజి కాచి ఉంచాడు. నమలక్కర్లేని గంజి. చారు తీసుకుని, గంజి గిన్నె ఆమె చేతిలో పెట్టాడు.

వీధిలో పాల సైకిలు బెల్లు కొట్టుకుంటూ డైరెక్టరుగారి బంగళా వైపు వెళ్ళింది. నంజమ్మ తన గడప చేరి, గిన్నె పట్టుకుని, ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా నిలబడింది. తర్వాత లోపలికెళ్ళి మెల్లగా తలుపు వేసుకుంది.