ఓడకూడదు, గెలవకూడదు

మానవజాతి కనిపెట్టిన ఉద్యోగాలన్నిట్లోకీ అత్యంత పారదర్శకమైనది జాతీయ ఫుట్‌బాల్ జట్టుకి విదేశీ కోచ్ పదవి. మిగతా ఉద్యోగాల్లో ఎందుకు పీకేశారో పీకేశాక చెబుతారు. ఇందులో చేరిన రోజే చెప్పేస్తారు.

చెప్పే బాధ్యత ఫుట్‌బాల్ సమాఖ్య కార్యదర్శిది. నియామకాలూ, తొలగింపులూ ఆయనే చూస్తాడు (టేబులు ఒకటే, సొరుగులు వేరు).

“ఓడితే పంపించేస్తాం సార్. అది మామూలే.”

“గెలిస్తే?” అన్నాడు కొత్త కోచ్.

“గెలిచే టీముకి బయటివాళ్లెందుకు సార్? మనవాణ్ణే ఎవర్నో ఒకర్ని పెట్టుకుంటాం.”

“మరి ఉండిపోవాలంటే?”

కార్యదర్శి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ డౌటు ఇంతవరకూ ఎవరికీ రాలేదు సార్.”

ఇదంతా స్థానిక భాషలోనే నడిచింది. కోచ్ ఏ దేశం వెళ్లినా ముందు భాష నేర్చుకుంటాడు (పీకేస్తున్నప్పుడు అర్థం కావాలి కదా).

పీకేసిన మర్నాడే క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలన్నది ఇంకో రూలు. అది వినగానే కోచ్ భార్య ఇంకా విప్పని అట్టపెట్టె మీద కూలబడింది. “ఏవండీ, ఈసారైనా పిల్లని పదో తరగతి పరీక్షలు రాయనివ్వండి.”

“అవును నాన్నా,” అంది కూతురు. “ఏ దేశంలో అయినా చరిత్ర పుస్తకంలో యుద్ధం మొదలయ్యేసరికి మనం సామాన్లు సర్దేస్తున్నాం. ఎవరు గెలిచారో నాకిప్పటికీ తెలీదు.”

మర్నాటి నుంచి శిక్షణ మారిపోయింది. ఫార్వర్డ్‌లు బంతిని గోల్‌లోకి కాకుండా గోల్‌పోస్టు స్తంభానికే గురిచూసి కొట్టడం నేర్చుకున్నారు. పొరపాటున బంతి లోపలికెళితే, ఎదుటి జట్టు స్కోరు సమం చేసేదాకా డిఫెండర్లు దారివ్వాలి, మరీ గేటు తెరిచినట్టు కనిపించకుండా.

మ్యాచ్ వెంట మ్యాచ్ డ్రా అయింది. జనం మొదట తిట్టారు. తర్వాత, ‘మనల్ని ఓడించే మొనగాడు లేడు’ అని ఛాతీలు విరుచుకున్నారు. పేపర్లు దీనికి ‘సమతుల్య విధానం’ అని పేరు పెట్టాయి. సమాఖ్య ఒక అధ్యయన సంఘం వేసింది. సంఘంలో సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది మండిపడ్డారు. అదీ డ్రానే.

పరీక్షలు రేపనగా ఒక మ్యాచ్ పడింది. చివరి నిమిషం, ఇద్దరికీ సున్నా. అప్పుడు రిఫరీ కోచ్ జట్టుకి పెనాల్టీ ఇచ్చాడు. అందరూ తుపాకీ అని పిలిచే ఫార్వర్డ్ మైదానం అంచున నిలబడ్డ కోచ్ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

“పోస్టుకా, పైకా సార్?”

“నీ ఇష్టం. లోపలికి తప్ప.”

తుపాకీ కదల్లేదు. “మా అమ్మ మొదటిసారి చూడ్డానికొచ్చింది సార్. నేను గోల్ కొడతానని వీధంతా చెప్పుకుందంట. ఒక్కటి... లోపలికి కొట్టెయ్యనా?”

కోచ్ తలెత్తి స్టాండు వైపు చూశాడు. కూతురు ఒళ్లో చరిత్ర పుస్తకం తెరిచి, కింద జరిగేది నోరు తెరుచుకుని చూస్తోంది.

“వెళ్లి కొట్టరా నాయనా,” అన్నాడు.

బంతి వల చించుకుపోయినంత పని చేసింది. స్టేడియం మొత్తంలో అందరికన్నా ముందు ఎగిరి గంతేసి అరిచింది కూతురే. ఆ తర్వాత గుర్తొచ్చి, నెమ్మదిగా కూర్చుంది.

కార్యదర్శి పరుగున వచ్చి కోచ్‌ని కావిలించుకున్నాడు. నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

“చరిత్ర సృష్టించారు సార్! మా కొత్త కోచ్ గారు కూడా ఇప్పుడే ఫోన్ చేసి ఇదే మాటన్నారు.”