గాలికుంటు తగిలిన గిటారు

శనివారం పొద్దున ఆరున్నరకి మౌన్ పట్టణంలో బయలుదేరాలి. పదకొండుకల్లా దక్షిణాన ఉన్న ఘాంజీ చేరాలి. నాలుగింటికి అక్కడి పశు ప్రదర్శనలో వాయించాలి. ఒక వ్యాను, నలుగురు మనుషులు, డ్రమ్ములు, రెండు గిటార్లు, మగ్విన్యలనే నూనెలో వేయించిన పిండి ఉండలు ఒక గిన్నెడు. మొగొమొత్సి నడిపే హెవీ మెటల్ బృందానికి ఇంతకన్నా తేలికైన పని ఎప్పుడూ తగల్లేదు.

ఆ రెండు గిటార్లలో కొత్తది ఒలెబిలేది. మామూలు ఎలక్ట్రిక్ గిటారుకి ఆరు తీగలుంటాయి. దీనికి ఏడు. ఏడోది అన్నిటికన్నా లావు, అన్నిటికన్నా కింది స్వరం. సముద్రాలు దాటి మూడు రోజుల కిందటే పార్సిల్లో వచ్చింది. ఒలెబిలే వారమంతా బడి గోదాములో పిండి బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా. శనివారాల్లో నల్లతోలు చొక్కా తొడిగి, వెడల్పాటి టోపీ పెట్టుకుని ‘బూడిద రాబందు’ అవుతాడు. వయసు ముప్పై ఆరు.

మనిషి నోటికి మూత వెయ్యడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. ఒలెబిలే ఇంట్లో ఎవరూ లేరు. అందుకని మూడు రోజులుగా ఆ గిటారు సంగతి వీధి వీధంతా విన్నది. అది చాలక బృందం ఫోను గ్రూపులో ‘నా గిటారు: తొలి అభిప్రాయాలు’ అని రెండు పేజీలు రాసి పెట్టాడు. ఎవరూ చదవలేదు, టిరెలో తప్ప.

టిరెలో మొగొమొత్సికి బావమరిది. వాడిది ఆరు తీగల గిటారు. ఇన్నాళ్ళూ వీళ్ళిద్దరిలో ముందు నిలబడేది ఎవరో, వెనక తాళం పట్టేది ఎవరో తేలలేదు. మొగొమొత్సి ఈసారి తేల్చేశాడు.

“ఘాంజీలో ముందు నిలబడి వాయించినవాడే ఇకనుంచీ మన ముందువాడు. రెండోవాడు జన్మంతా వెనకే. మధ్యాహ్నం రెండింటికి అక్కడ ఇద్దరిదీ విని చెప్తాను.”

“తీగలు లెక్కపెట్టి చెప్తావా బావా, విని చెప్తావా?” అన్నాడు టిరెలో.

“వినే చెప్తాలే. నోరు మూసుకుని ఎక్కు.”

ఒలెబిలే నవ్వాడు. ఏడు తీగలుండగా ఆరు తీగలవాడు తనముందు నిలవలేడని అతని నమ్మకం. ఆ నమ్మకం తప్ప అతని దగ్గర మరేమీ లేదు. పదేళ్ళుగా వాయిస్తున్నాడు, పదేళ్ళుగా ఒకేలా వాయిస్తున్నాడు.

తొమ్మిదికి కంచె గేటు దగ్గర ఆగారు. ఉత్తరాన అడవిదున్నలు తిరిగే చోటినుంచి గాలికుంటు రోగం దక్షిణాది గొడ్లకి పాకకుండా దేశానికి అడ్డంగా వేసిన కంచె అది. పచ్చిమాంసం, పచ్చితోలు, ఎముక ఏదీ దక్షిణానికి దాటకూడదు. దిగి చెప్పులు మందునీళ్ళలో ముంచాలి, సంచులు చూపించాలి, పోవాలి. అయిదు నిమిషాల పని.

గేటు దగ్గర కెలెబొన్యే అనే పెద్దావిడ కూర్చుని ఉంది. పశువైద్య శాఖలో ముప్పై ఏళ్ళ సర్వీసు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పూ చెయ్యలేదు, ఎందుకంటే ఒక్క నిర్ణయమూ తీసుకోలేదు.

“మాంసం ఉందా నాయనా?”

“లేదమ్మా. మగ్విన్యలున్నాయి, తింటారా?” అంది డ్రమ్ములు వాయించే బొనోలో.

“డ్యూటీలో తినను. రెండు అక్కడ పెట్టు. ఆ నల్లపెట్టెలో ఏమిటి?”

గిటారు అంటే సరిపోయేది. ఒలెబిలే పెట్టె తెరిచాడు.

“చూడండమ్మా. ఏడు తీగలు. ఈ జిల్లాలో ఇలాంటిది ఇంకోటి లేదు. ఈ మెడ మీద చెయ్యి పెట్టి చూడండి, అద్దంలా జారుతుంది. ఈ లావు తీగ చూశారా, మేకని కట్టెయ్యొచ్చు.”

“బాగుంది నాయనా. మూసెయ్.”

“ఒక్క నిమిషం. మెడ చివర తీగలు ఆనుతున్నాయే, ఈ తెల్లటి పట్టీ. అందరి గిటార్లకీ ఇది ప్లాస్టిక్ ఉంటుంది. ఇదిగో వీడి గిటారుకీ అంతే. నాది మాత్రం అసలైన ఆవు ఎముక.”

పెట్టె మూత మీద ఉన్న కెలెబొన్యే చెయ్యి ఆగిపోయింది.

“ఏ ఆవు?”

“అంటే?”

“ఏ దేశపు ఆవు అంటున్నా. ఉడకబెట్టిన ఎముకా, పచ్చిదా? కాగితం ఏది?”

కాగితం లేదు. ఆవిడ సొరుగులోంచి ఫారం తీసింది. అందులో గిటారుకి గడి లేదు. పశువుకీ, పశువు భాగాలకీ మాత్రమే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా ఏ గడీ ఖాళీగా వదలని మనిషి ఇప్పుడు వదలదు. రంగు: నలుపు. వయసు: మూడు రోజులు. వాత ముద్ర ఎక్కడుందని అడిగి, మెడపైన కంపెనీవాళ్ళు వేసుకున్న గుర్తు చూసి, దాన్ని అచ్చంగా గీసింది.

తొమ్మిదిన్నర అయింది. ఒలెబిలేకి అప్పుడు భయం పట్టుకుంది. రెండింటికి ఘాంజీలో లేకపోతే టిరెలో ఒక్కడే వాయిస్తాడు. ఒక్కడే వాయించినవాడు ఓడిపోడు.

“అమ్మా, నేనే పొరబడ్డానేమో. ప్లాస్టికే అయ్యుంటుంది.”

“ఇందాక ఎముక అన్నావు.”

“మాటవరసకి అన్నాను.”

“ప్రభుత్వంతో మాటవరసకి మాట్లాడతావా?”

టిరెలో ముందుకొచ్చాడు. వాడి మొహంలో ఎంతో బాధ ఉంది. “అన్న అబద్ధమాడే మనిషి కాదమ్మా. ఎముకే. తనే స్వయంగా రాసుకున్నాడు, చూడండి” అని ఫోను చేతికిచ్చాడు.

కెలెబొన్యే కళ్ళజోడు పెట్టుకుని ‘తొలి అభిప్రాయాలు’ మొదటినుంచీ చదివింది. ఆ రెండు పేజీలకీ దొరికిన రెండో పాఠకురాలు ఆవిడే. సగం పేజీ దగ్గర ఆగి, పైకి చదివింది.

“‘ఎముక మీద వేలు పెడితే ఇంకా ప్రాణం ఉన్నట్టే ఉంది. ఏడో తీగ మీటితే, గాలికుంటు తగిలిన ఎద్దు చొంగ కారుస్తూ రంకె వేసినట్టుంది.’ ఇది నువ్వే రాశావా?”

“అది మెచ్చుకోలమ్మా. మా సంగీతంలో అంతకన్నా గొప్ప మాట లేదు.”

“గాలికుంటు గొప్పదా?”

ఒలెబిలే జవాబు చెప్పబోతే మొగొమొత్సి అతని కాలు తొక్కాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ రోగం పేరు చెవిన పడ్డాక పై ఆఫీసుకి తెలపకపోతే ఉద్యోగం పోతుంది. ఆవిడ వైర్‌లెస్ సెట్ అందుకుంది.

“ఉత్తరాది నుంచి వచ్చింది. గాలికుంటు అని రాతపూర్వకంగా ఉంది.”

“లక్షణాలు?” అని అడిగింది అవతలి గొంతు.

“చొంగ, రంకె.”

“ఎన్ని?”

“ఒకటి.”

“బతికుందా?”

ఆవిడ ఫోను మళ్ళీ చూసింది. “ఉన్నట్టే ఉందని రాశారు.”

ఆవిడ ఒక్క మాట కూడా కల్పించి చెప్పలేదు. పావుగంటలో గేటు మూసేశారు. అరగంటలో జిల్లా అంతటా గొడ్లు కదలకూడదని ఉత్తర్వు వెళ్ళింది. ప్రదర్శనకి పోతున్న గొడ్ల లారీలు ఎక్కడివక్కడ వెనక్కి తిరిగాయి. ఆరు నెలలుగా దూడకి నూనె రాసి, కొమ్ములు తోమి తయారుచేసిన రైతు ఒకడు లారీ దిగివచ్చి ఒలెబిలేని చాలాసేపు తేరిపార చూశాడు.

“రోగం దేనికంటా?”

“గిటారుకి” అంది బొనోలో.

ఆ రైతు వెళ్ళి లారీ నీడలో కూర్చుని తలపట్టుకున్నాడు.

“నీ నోటికి తాళం వెయ్యాల్సిందిరా. ఏడు తీగలూ తీసి కుట్టేస్తే సరిపోయేది” అన్నాడు మొగొమొత్సి.

“నేను రాసింది చూపించిందెవరు?”

“రాసిందెవరు అన్నా?” అన్నాడు టిరెలో, మగ్విన్య నములుతూ.

ఘాంజీ నుంచి పశువుల డాక్టరు వచ్చేసరికి ఒంటిగంటన్నర. తెల్లసూటు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, చేతులకి రెండేసి తొడుగులు. జబ్బు పశువుని చూపించమన్నాడు. కెలెబొన్యే పెట్టె తెరిచింది. డాక్టరు గిటారు వంక చూశాడు, ఫారం వంక చూశాడు, మళ్ళీ గిటారు వంక చూశాడు. ఆ తర్వాత పళ్ళు బిగించి, సూది ఒకటి నిప్పులో ఎర్రగా కాల్చి ఆ తెల్లపట్టీ అంచుకి ఆనించాడు.

“ఎముకైతే వెంట్రుకలు కాలిన వాసనొస్తుంది. ఇదేం వాసన?”

బకెట్టు కాలిన వాసన. సూది దిగినచోట పట్టీ మైనంలా కరిగింది.

“ప్లాస్టిక్. అదీ నాసిరకం” అన్నాడు డాక్టరు.

విడుదలైనందుకు ఒలెబిలే సంతోషించాలి. అతని మొహం చూస్తే ఎవరో పోయినట్టుంది. టిరెలో వెనక్కి తిరిగి భుజాలు కదుపుతూ నవ్వాడు. అలా తిరిగినప్పుడే డాక్టరుకి వాడి వీపు కనిపించింది. గిటారు తగిలించుకునే పట్టీ బొచ్చుతో సహా ఎద్దు తోలు, పదును చెయ్యనిది. డాక్టరు చూపు అక్కణ్ణుంచి బొనోలో మెడలోని వెన్నుపూసల దండకి పోయింది, మొగొమొత్సి భుజాల మీది కొమ్ములకి పోయింది, వ్యాను ముందు కట్టిన ఆవు పుర్రె దగ్గర ఆగింది.

“ఇవి?”

“అవి ఎప్పుడూ ఉండేవే డాక్టరుగారూ. ఎనిమిదేళ్ళుగా ఇలాగే పోతున్నారు” అంది కెలెబొన్యే.

తోలు చొక్కాలతో సహా అన్నీ ఊడదీయించి గోతిలో వేసి తగలబెట్టారు. టిరెలో తోలుపట్టీ అన్నిటికన్నా ఆఖర్న కాలింది. డాక్టరు పరీక్షించింది ఒక్క గిటారునే కనుక దానికి మాత్రం ముద్ర కొట్టి కాగితం ఇచ్చాడు: యజమాని ఒలెబిలే, రోగం లేదు, దాటవచ్చు. గొడ్ల ఉత్తర్వు మాటేమిటని మొగొమొత్సి అడిగాడు. రద్దు చెయ్యాలంటే డైరెక్టరు సంతకం కావాలి, శనివారం డైరెక్టరు ఉండడు, సోమవారం చూద్దామన్నాడు.

ఘాంజీ మైదానం చేరేసరికి నాలుగింటికి పది నిమిషాలుంది. ముందు వినిపించి ఎంచుకునే వేళ ఎప్పుడో దాటిపోయింది. వ్యాను దిగినవాళ్ళు బనియన్లలో ఉన్నారు. కొమ్ములూ ఎముకలూ పోయాక మెటల్ బృందం రేషను క్యూలా కనిపించింది. గేటు దగ్గర ప్రదర్శన కమిటీ ఛైర్మన్ ఫూరీ అడ్డంగా నిలబడి ఉన్నాడు. మూడు తరాలుగా గొడ్లమీద బతికిన కుటుంబం అతనిది. ఆ రోజు లోపల ఒక్క గొడ్డు కూడా లేదు.

“కంచె అవతలి నుంచి వచ్చింది ఏదైనా సరే, కాగితం ఉంటే లోపలికి, లేకపోతే బయట” అన్నాడు ఫూరీ.

“మేం వాయించడానికి వచ్చాం అయ్యా. మనుషులం” అన్నాడు మొగొమొత్సి.

“మీకు కాగితం ఉందా?”

కాగితం ఉన్నది ఒక్క గిటారుకి. యజమాని పేరు రాసి ఉంది కాబట్టి ఒలెబిలేకి. డ్రమ్ములకి లేదు, టిరెలోకి లేదు, వాడి గిటారుకి లేదు. టిరెలో చెయ్యి చాపాడు.

“బావా, ఆ గిటారు నాకిప్పించు. నేను పోతా.”

“దాని మీద వీడి పేరుందిరా.”

“నేనే ఒలెబిలే అని చెప్తా.”

“ప్రభుత్వంతో మాటవరసకి మాట్లాడతావా?” అంది బొనోలో.

మొగొమొత్సి గిటారు తీసి ఒలెబిలే చేతుల్లో పెట్టాడు. “పోరా ఒలెబిలే. ముందు నిలబడు. వెనకెటూ ఎవరూ లేరు.”

ఒలెబిలే గిటారు రెండు చేతులతో పట్టుకుని లోపలికి నడిచాడు. గొడ్లని తిప్పే గుండ్రటి దొడ్డి ఖాళీగా ఉంది. దాని చుట్టూ నాలుగు వందల మంది, తిప్పడానికి గొడ్లు లేక, చూడటానికి ఇంకేమీ లేక కూర్చున్నారు. అతను మధ్యలోకి వెళ్ళి నిలబడి ఏడో తీగ మీటాడు.

ఏమీ వినపడలేదు. ఎలక్ట్రిక్ గిటారు యాంప్లిఫయరు ఉంటేనే మోగుతుంది. యాంప్లిఫయరు వ్యానులో ఉంది. దానికి కాగితం లేదు.

తిరిగి వచ్చేస్తే బయట టిరెలో ఉన్నాడు. ఒలెబిలే కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టాడు. మోకాళ్ళ మీద పడ్డాడు, తల ఊపాడు, పళ్ళతో కూడా మీటాడు. తేనెటీగ సీసాలో ఇరుక్కున్నంత చప్పుడైంది. అది అతనికొక్కడికే వినిపించింది.

“మొదలెట్టాడా?” అన్నాడు ముందు వరసలో ఒక ముసలాయన.

“చేతులు ఆడుతున్నాయిగా” అంది భార్య.

“పోయినేడు వచ్చినవాళ్ళ మోతకి నా పెయ్యలు రెండు కంచె తెంపుకుని పోయాయి.”

“అదే కదా అంటున్నా. ఈ అబ్బాయికి పెంపకం ఉంది.”

నలభై నిమిషాలు వాయించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫూరీ తనే దొడ్డిలోకి వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. గేటు బయట ముగ్గురికీ చప్పట్లు మాత్రమే వినిపించాయి. ఒలెబిలే వచ్చి వ్యాను ఎక్కగానే మొగొమొత్సి మాట తప్పలేదు. ముందువాడు అతనేనన్నాడు.

నెల తిరక్కుండా కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది: వచ్చే ఏడాదీ అతనే రావాలి, ఒక్కడే రావాలి, ఒక్క స్వరం కూడా మార్చకూడదు.