ఈత రాని సముద్ర రచయిత

ఆ గురువారం పొద్దున సర్వజ్ఞుడి పథకం చాలా చిన్నది. పదకొండుకల్లా పేజీ వదిలించుకోవాలి, నెలాఖరుకు చేతికి రాబోయే చీఫ్ సబ్ ఎడిటర్ ప్రమోషన్ ఆర్డరు గురించి తీరిగ్గా కలలు కనాలి. సర్వజ్ఞుడన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. వారపత్రికలో తొమ్మిదేళ్ళుగా ‘మీకు తెలుసా?’ శీర్షిక నింపుతున్నందుకు తోటి సబ్ ఎడిటర్లు తగిలించిన బిరుదు. అతనికి తెలిసింది ఆవగింజంత, అచ్చయ్యేది గుమ్మడికాయంత.

పది నలభైకి ఒక ప్రకటన రద్దయి పేజీలో నాలుగంగుళాలు ఖాళీ పడింది.

“ఏదో ఒకటి పడెయ్యవయ్యా!” అని అరిచాడు ఎడిటర్.

పడేయడంలో సర్వజ్ఞుడికి ఒక నీతి ఉంది. పోయినవాళ్ళ మీదే కల్పించాలి, వాళ్ళు ఉత్తరాలు రాయరు. ఎడారి సాహసాల రచయితకు ఇసుక పడదనీ, గుహల నవలాకారుడు మంచం కింద దూరి రాసేవాడనీ ఇదివరకే అచ్చేసి ఉన్నాడు. ఇప్పుడు ఇరవై సముద్ర సాహస నవలలు రాసిన ఒకాయన గుర్తొచ్చాడు. పదిహేనేళ్ళుగా పుస్తకం రాలేదంటే పోయే ఉంటాడని తీర్మానించి, ‘తుఫానుల వర్ణనలో దిట్ట అయిన ఈ రచయితకు నీళ్ళంటే చచ్చేంత భయం. మోకాలి లోతులో కూడా దిగి ఎరగడు’ అని రాసి పారేశాడు. ఎవరినైనా అడిగి రాయడం లాంటి చాదస్తాలు ఆ ఆఫీసులో లేవు.

శనివారం పత్రిక బయటికొచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆ పోయినాయన చేతికర్ర టకటకలాడిస్తూ మెట్లెక్కి వచ్చాడు.

“ఎవడయ్యా నాకు నీళ్ళంటే భయమని రాసింది? కోర్టుకీడుస్తాను!”

ఎడిటర్ సర్వజ్ఞుడి వైపు తిరిగాడు. “ఆధారం ఏదీ?”

“ఆధారం లేకుండా రాస్తానా సార్? వాళ్ళావిడే చెప్పారు!” అని నోటికొచ్చింది అనేశాడు సర్వజ్ఞుడు. ఆవిడ పొడుగో పొట్టో కూడా అతనికి తెలియదు.

రచయిత మొహం పాలిపోయింది. కోపం ముదిరిందనుకున్నారు అందరూ. ఎడిటర్‌కి మాత్రం అమ్మకాల వాసన తగిలింది.

“గొడవెందుకండీ? వచ్చే ఆదివారం ఈతకొలనులో పాఠకుల ముందు ఒక్కసారి ఈది చూపించండి. ఫొటోతో సహా సవరణ వేస్తాం.”

ఆఫీసంతా చూస్తుంటే కాదనడం ఎలా? రచయిత సరేనన్నాడు. ఎడిటర్ సర్వజ్ఞుడి చెవిలో, “ఆయన ఈదాడో, ఆర్డరే కాదు, నీ ఉద్యోగం కూడా గోవిందా!” అన్నాడు.

ఆదివారం కొలను చుట్టూ రెండు వందల మంది పోగయ్యారు. పని లేనివాళ్ళకి కొదవా? గట్టు మీద సర్వజ్ఞుడు ఉద్యోగం మీద ఆశ వదులుకుని నిలబడ్డాడు. పక్కనున్న రచయిత అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అతని చెవి దగ్గరికి వంగాడు.

“ఎవరికీ చెప్పనని ముప్పయ్యేళ్ళ కిందట నా మీద ఒట్టేసిందయ్యా! ఇంత పని చేస్తుందా మా ఆవిడ?”

సర్వజ్ఞుడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ప్రాణం లేచొచ్చింది. తను రాసింది నిజం! ఉద్యోగం నిలిచింది! “సార్! ఈయనకి నిజంగానే నీళ్ళంటే భయం సార్!” అంటూ ఎగిరి గంతేశాడు. తడి గట్టు మీద గంతులెయ్యకూడదన్న సంగతి మాత్రం సర్వజ్ఞుడికి తెలియదు. కాలు జారి, చెయ్యి వదలని రచయితతో సహా దభాలున నీళ్ళలో పడ్డాడు.

అక్కడ లోతు నడుం దాకే. అయినా రచయిత హడలిపోయి సర్వజ్ఞుడి మెడ వాటేసుకున్నాడు. జనం ఈలలు వేశారు. ఫొటోగ్రాఫర్ తన పని తాను చేసుకుపోయాడు.

తర్వాతి సంచిక ముఖచిత్రం కింద ఇలా ఉంది: ‘మునిగిపోతున్న మా సబ్ ఎడిటర్‌ను కాపాడుతున్న సాహస రచయిత. జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాం.’

“ఆయనే నన్ను పట్టుకుని వేలాడాడు సార్, నమ్మండి!” అని సర్వజ్ఞుడు మొత్తుకున్నాడు.

“నడుం లోతులో మునిగినవాడివి, ఇంకా మాట్లాడతావేంటయ్యా?” అంటూ ఎడిటర్ ఆర్డరు చేతిలో పెట్టాడు. అది చీఫ్ సబ్ ఆర్డరు కాదు.

తొమ్మిదేళ్ళలో సర్వజ్ఞుడు అచ్చేసిన ఒకే ఒక్క నిజానికి పత్రిక సవరణ వేసింది.