అంబులెన్సు ట్రయల్

గిరిజనుల ఆరోగ్యంలో ప్రభుత్వం విప్లవం తెస్తున్నదని 1988లో మంత్రిగారు ప్రకటించారు. ఆ విప్లవానికి తెల్లరంగు, నాలుగు చక్రాలు, నెత్తిన ఎర్రదీపం ఉన్నాయి. మా ఏన్కూరుకు అది ట్రాక్టర్ వెనక తాడు కట్టించుకుని వచ్చి, తిన్నగా రూప్లా మెకానిక్ షెడ్డు ముందు ఆగింది. ఎదురుగా నా సోడా కొట్టు. ప్రగతిని అంత దగ్గర నుంచి చూసే భాగ్యం అందరికీ దొరకదు.

రూప్లాకు ఒక పట్టింపు ఉంది. రిపేరైన బండిలో ఓనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ట్రయల్ తిప్పుతాడు. ఓనర్ 'బాగుంది' అనేదాకా తాళం ఇవ్వడు. ఒకసారి ఆసామి బసవపున్నయ్యగారు తలూపి సరిపెట్టబోతే, "తలకాయ ఊపితె గాదు, నోటితోని చెప్పాలె సారూ" అని మళ్లీ వాగుదాకా తిప్పుకొచ్చాడు.

మంత్రిగారి పి.ఎ. వెంకటరామారావుగారు నాలుగు కొత్త టైర్లు, కొత్త బ్యాటరీ స్వయంగా జీపులో తెచ్చారు. రూప్లా రెండు రోజులు వ్యాన్ కిందే కాపురం పెట్టాడు. ప్రారంభోత్సవం రోజు పొద్దున ఇంజను స్టార్టయింది. పి.ఎ.గారు ఆనందబాష్పాలు తుడుచుకున్నారు.

అప్పుడే అడవి వైపు నుంచి జంపయ్య ఎడ్లబండి వచ్చింది. బండిలో అతని భార్య ముత్తక్క నొప్పులు పడుతోంది.

"సారూ, బిడ్డ అడ్డం తిరిగిందంట. జల్దీ ఖమ్మం దవాఖానాకు తీస్కపోవాలె."

"ఈ బండి నీకోసమే కదయ్యా!" అన్నారు పి.ఎ.గారు ప్రేమగా. "పదకొండుకు మంత్రిగారొచ్చి రిబ్బన్ కట్ చేస్తారు. ఆ తర్వాత హాయిగా ఎక్కండి. ముందే పేషెంటు ఎక్కితే ప్రోటోకాల్ దెబ్బతింటుంది."

"అప్పటిదాక ఆమె ఉండదు సారూ," అన్నాడు జంపయ్య. అప్పటికి ఎనిమిదే అయింది.

రూప్లా నూనె గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "సార్, ట్రయల్ గాలే. ఓనర్ ఎవరు?"

"ప్రభుత్వం."

"అయితె ప్రభుత్వాన్ని ముంగటి సీట్ల కూసోమనుండ్రి."

పి.ఎ.గారు విసుగ్గా వేదిక మీద కట్టిన బ్యానర్ చూపించారు. 'ఈ వాహనానికి ప్రజలే యజమానులు!' అని ఉంది. "చదువు. ఎవరో ఒకర్ని కూర్చోబెట్టుకుని తొందరగా తిప్పుకురా, పో."

"అవ్ సార్. జంపయ్యా, ముంగట ఎక్కు. అక్కను ఎనక పండుకోబెడదాం పట్టు."

ఇది ఏ రూలుకు విరుద్ధమో పి.ఎ.గారు గుర్తు చేసుకునేలోపు వ్యాన్ సెంటర్ దాటిపోయింది.

పదకొండున్నరకు మంత్రిగారొచ్చారు. రెండు గుంజల మధ్య రిబ్బన్ ఉంది, వెనక ఏమీ లేదు.

"బండేదయ్యా?"

"ట్రయల్‌కు వెళ్లింది సార్. యజమానితో."

మంత్రిగారు అనుభవజ్ఞులు. రిబ్బన్ కత్తిరించి మైకు అందుకున్నారు. "ప్రారంభించక ముందే సేవ మొదలుపెట్టిన ప్రభుత్వం దేశంలో మాదొక్కటే!" అన్నారు. చప్పట్లు కొట్టాం. ఫొటోగ్రాఫరు ఖాళీ జాగాను రెండు కోణాల్లో తీసుకున్నాడు.

సాయంత్రం వ్యాన్ తిరిగొచ్చింది. ఆపరేషన్ చేశారట, ఆడపిల్లట. తల్లీబిడ్డా క్షేమం. ఎడ్లబండిని ఊరికి పంపి, అందులోని బట్టలు తీసుకుపోదామని వచ్చిన జంపయ్యకు, రూప్లాకు చెరో సోడా కొట్టి ఇచ్చాను.

పి.ఎ.గారు అప్పటికే జాకీ, పానా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రూప్లా, టైర్లు, బ్యాటరీ విప్పెయ్. రేపు పదింటికి తల్లాడలో అంబులెన్సు ప్రారంభోత్సవం. ఆ బండికి ఇవే వెయ్యాలి."

"మరి ఈ బండికేంది సార్?"

"దీని ప్రారంభోత్సవం అయిపోయింది కదయ్యా!"

రూప్లా తాళం జేబులోంచి తియ్యలేదు. "ఓనర్‌ను అడగాలె సార్. జంపయ్యా, బండి ఎట్లుంది?"

జంపయ్య టైర్ల వైపు చూశాడు. పి.ఎ.గారి చేతిలోని పానా వైపు చూశాడు. తొందరేమీ లేకుండా సోడా పూర్తి చేసి, బుడ్డి నాకిచ్చి, ముందు సీటులో ఎక్కి తలుపు వేసుకున్నాడు.

"ఏమో అన్నా, ఇంకా సమజ్ అయితలేదు," అన్నాడు. "తల్లిని, బిడ్డను ఇంటికి తెచ్చినంక చెప్త."

రూప్లా బండి స్టార్ట్ చేశాడు.