పద్నాలుగు మంది ఆంటీలు

ఫారాలను తిట్టేవాళ్లంటే నాకు చిరాకు. ఫారం అంటే వరమండీ! నమ్మకం లేకపోతే అమెరికాలో, ప్లేనోలో ఉండే భానుమతిని అడగండి.

2011లో ఆమె పక్కింట్లో ఏడేళ్ల శ్రుతికి తల్లి పోయింది. తండ్రి జాడ అంతకుముందే లేదు. భానుమతి పరాయి పిల్లల్ని పెంచుకోనిచ్చే ఫోస్టర్ లైసెన్స్ తీసుకుని పిల్లను ఇంటికి తెచ్చుకుంది. ఇక ఎవరూ కదపకుండా ఉండాలని గార్డియన్‌షిప్‌కి అప్లై చేసింది. ఒక్క సంతకంతో అయిపోతుందనుకుంది, పిచ్చి తల్లి!

మీరు పిల్లల్ని కన్నప్పుడు ఎవరైనా వచ్చి కుళాయి నీళ్లు ఎంత వేడో కొలిచారా? భానుమతికి ఆ భాగ్యం దక్కింది. ఇంగువ డబ్బా మూత తీసిన ఇన్‌స్పెక్టరమ్మ, దాన్ని కెమికల్స్ పక్కన తాళం వేసిన అరలో పెట్టించింది. అప్పట్నుంచి చారుకి పోపు పెట్టాలంటే తాళంచెవి కావాలి.

అసలు వరం ఇంకా ఉంది. సొంతవాళ్లెవరూ లేరని తేలితేగానీ ఫైలు కదలదట. "నీకు ఆంట్స్ ఉన్నారా?" అని ఫైలు చూసే సర్కారు కేస్‌వర్కర్ శ్రుతినే అడిగింది.

"యా! రజిని ఆంటీ, రాధారాణి ఆంటీ, శాంతి ఆంటీ..."

రెండు చేతుల వేళ్లూ చాలలేదు. లెక్క పద్నాలుగు దగ్గర ఆగింది. ఒక్క పిల్లకి ఇంతమంది మేనత్తలూ పిన్నులా! కేస్‌వర్కర్ మురిసిపోయి అందరికీ లెటరుతోపాటు ఒక ఫారం పంపింది.

జవాబులు రావడానికి ఏడాది పట్టింది. అందరిదీ ఒకటే మాట. "అయ్యో, మేం రిలేటివ్స్ కాదండీ, ఊరికే ఆంటీలం."

ఆ ఏడాదంతా భానుమతి ఫోన్ మోగితే చాలు, పిల్లను వేరే ఇంటికి మారుస్తారేమోనని వణికింది. శ్రుతి తన బట్టలు సూట్‌కేసులోంచి తీయనే లేదు.

చివరికి కోర్టులో జడ్జిగారు "ఈవిడ నీకేమవుతారమ్మా?" అని అడిగారు. పిల్ల "ఆంటీ" అందంటే కథ మళ్లీ మొదటికి!

"ఆంటీ కాదు," అంది శ్రుతి. "ఆంటీస్ పార్టీ అయ్యాక వెళ్లిపోతారు. ఈమె వెళ్లదు."

సంతకం పడింది. ఆ శనివారం భానుమతి ఇంట్లో పార్టీ. పద్నాలుగు మందీ వచ్చారు. "మన పిల్లే కదా!" అంటూ ఫోటోలు దిగారు, భోంచేశారు, వెళ్లిపోయారు. శ్రుతి లోపలికెళ్లి సూట్‌కేసు ఖాళీ చేసింది.

ఫారం వరమని ఊరికే అనలేదండీ. అందులో 'బంధువును కాను' అని ఒక గడి ఉంటుంది. టిక్కు పెడితే మనస్సాక్షి కూడా నోరు మూసుకుంటుంది. నాది స్వానుభవం. ఆ లిస్టులో తొమ్మిదో ఆంటీని నేనే.